నాన్నకి అయోర్టా ఉబ్బిందన్నారు, రిపోర్టులో మాత్రం రక్తనాళాలు మెత్తగానే ఉన్నాయట. ఏది నమ్మాలి?

కేపీహెచ్‌బీ_అమ్మాయి

నమస్తే అండి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 68. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సిగరెట్లు బాగా కాల్చారు, మా బాబు పుట్టాక మానేశారు. బీపీ ఉంది, చూసినప్పుడల్లా 150/85 అటూ ఇటూ ఉంటుంది. రాత్రిళ్లు ఎక్కువసార్లు మూత్రానికి లేస్తున్నారని ప్రోస్టేట్ కోసం స్కానింగ్ చేయిస్తే, అసలు సంగతి పక్కకి పోయి, పొట్టలో అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) 4.4 సెంటీమీటర్ల వెడల్పు ఉందని, ఎన్యూరిజం, అంటే నాళం ఉబ్బు అని రాశారు. వాస్కులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల సర్జన్‌కి చూపించాం. ఆయన చాలా కూల్‌గా, ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు, బీపీ కంట్రోల్‌లో పెట్టండి, ఏడాదికి మళ్లీ స్కాన్ చేయించుకుని రండి అన్నారు. అక్కడితో అయిపోతే బాగుండేది.

మా పెదనాన్న అన్నదమ్ములిద్దరికీ కలిపి ఏదో ఫుల్ బాడీ ప్యాకేజీ బుక్ చేశారు. అక్కడ రెండు చేతులకీ రెండు కాళ్లకీ పట్టీలు కట్టి ఒకేసారి గాలి నింపి, రంగుల్లో ఒక రిపోర్టు ఇచ్చారు. "ఆర్టీరియల్ స్టిఫ్‌నెస్" (రక్తనాళాల బిరుసుతనం) అని ఉంది, అంకె 1380, పచ్చ గీతలో ఉంది. కౌంటర్‌లో అబ్బాయి "అంకుల్, మీ రక్తనాళాలు కుర్రాళ్లవిలా ఉన్నాయి" అన్నాడట. ఇక చూడండి. ఇంట్లో ఎవరు వచ్చినా ఆ కాగితం చూపించడం, బీపీ మాత్ర ఒకరోజు వేసుకుని రెండ్రోజులు మానేయడం. వచ్చే నెల వరంగల్‌లో పెళ్లికి స్కూటర్ మీద పోతానంటున్నారు.

ఇటు మా ఆడపడుచు రేడియాలజీ పీజీ చేస్తోంది. ఎన్యూరిజం వచ్చిన అయోర్టా సాగే గుణం పోయి బిరుసెక్కుతుంది వదినా, ఆ రిపోర్టు చూసి మురిసిపోకండి అంటుంది. అడిగితే ఇంకా వివరంగా చెప్పలేకపోయింది, డ్యూటీలో ఉంది పాపం.

నా ప్రశ్నలు ఇవీ. బిరుసెక్కాల్సిన నాళం మెత్తగా ఉందని ఎలా వచ్చింది? అయోర్టా ఎంత సాగుతుందో కచ్చితంగా కొలిచే పరీక్ష వేరే ఉందా, హైదరాబాద్‌లో ఎంఆర్‌ఐ తీయిస్తే తెలుస్తుందా? తెలిస్తే అది పగులుతుందో లేదో చెప్పొచ్చా? డబ్బు గురించి కాదు, ఆయన్ని ఒప్పించడానికి నా దగ్గర ఏదో ఒక ఆధారం ఉండాలి.

---

ప్రోబ్_పట్టినోడు

అమ్మా, నేను సికింద్రాబాద్‌లో వాస్కులర్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాదు, కానీ ఈ కొలతలు రోజూ తీసే చెయ్యి నాది కాబట్టి చెప్తున్నా.

ముందు ఆ నాలుగు పట్టీల మెషీన్ సంగతి. అది అయోర్టాని నేరుగా చూడదు. గుండె కొట్టిన దెబ్బ అల చేతికి ఎప్పుడు చేరింది, చీలమండకి ఎప్పుడు చేరింది, ఆ రెండింటి మధ్య తేడా ఎంత, అంతే. దూరం కూడా టేపు పెట్టి కొలవదు, మీరు చెప్పిన ఎత్తు నుంచి సూత్రంతో లెక్కేసుకుంటుంది. అలా వచ్చిన వేగమే మీ 1380, అంటే సెకనుకు 1380 సెంటీమీటర్లు. అల వేగంగా పోతే నాళాలు బిరుసు, నెమ్మదిగా పోతే మెత్తన అని సిద్ధాంతం. 1400 దాటితే జాగ్రత్త అనీ, 1800 దాటితే ఎక్కువ అనీ గీతలు గీసి పెట్టారు. మీ నాన్నగారిది 20 పాయింట్లు లోపల ఉంది కాబట్టి పచ్చ. ఆ దారిలో అయోర్టాతో పాటు తొడ, పిక్క నాళాలన్నీ కలిసి ఉంటాయి. ఎన్యూరిజం ఉన్న భాగం పొడవు మొత్తం దారిలో ఏ పదో వంతో ఉంటుంది.

ఒక మాట చెప్తా, రిపోర్టు ఇంట్లో ఉంటే మళ్లీ తియ్యండి. అదే కాగితం మీద ఏబీఐ అని రెండు అంకెలు ఉంటాయి, కుడి, ఎడమ. అవి ఎంతున్నాయో ఇక్కడ రాయండి. 68 ఏళ్లు, ఎన్నేళ్లో సిగరెట్, 150 బీపీ ఉన్న మనిషికి 1380 రావడం నాకు అంత సహజంగా అనిపించట్లేదు.

ఇక అయోర్టానే నేరుగా కొలవడం. చేస్తాం, కానీ ఎంత కష్టమో వినండి. పొద్దున పరగడుపున రమ్మంటాం, ఎందుకంటే పేగుల్లో గ్యాస్ ఉంటే ఏమీ కనపడదు. ఇడ్లీ తినొచ్చి తినలేదని చెప్పేవాళ్లు బోలెడుమంది, స్క్రీన్ చూడగానే తెలిసిపోతుంది. పడుకోబెట్టి, జెల్ రాసి, ప్రోబ్ బొడ్డు పైన పెట్టి ఊపిరి బిగపట్టమంటాం. గుండె ముడుచుకున్నప్పుడు అయోర్టా వ్యాసం ఎంత, వదిలినప్పుడు ఎంత అని రెండూ చూడాలి. మీ నాన్నగారి సైజు ఎన్యూరిజంలో ఆ తేడా చాలాసార్లు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మామూలుగా ఇద్దరు మనుషులు ఒకే ఎన్యూరిజంని వేర్వేరుగా కొలిస్తే వాళ్ల మధ్యే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. నేను ప్రోబ్ కొంచెం ఎక్కువ నొక్కితే వ్యాసం మారుతుంది, కొంచెం ఏటవాలుగా పెడితే గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. పైగా ఎన్యూరిజం లోపల గోడకి రక్తపు గడ్డ పేరుకుని ఉంటుంది. రక్తం పారే దారి ఒకటి, అసలు గోడ ఒకటి. కొందరు లోపలి అంచు నుంచి, కొందరు బయటి అంచు నుంచి కొలుస్తారు.

లెక్క చూపిస్తా. వదిలినప్పుడు 44.0 మి.మీ., ముడుచుకున్నప్పుడు 44.5 అనుకోండి. బీపీ 150/85. బీటా అని ఒక స్టిఫ్‌నెస్ ఇండెక్స్ ఉంది, పై బీపీని కింది బీపీతో భాగించి దాని లాగరిథమ్‌ని గోడ కదిలిన శాతంతో భాగించాలి. 50 వస్తుంది. ఇప్పుడు నా చెయ్యి 0.2 మి.మీ. అటు తప్పితే 36, ఇటు తప్పితే 83. మనిషి అదే, అయోర్టా అదే, అంకె మాత్రం రెట్టింపుకి పైగా మారిపోయింది. అందుకే దీన్ని చేసేవాళ్లు స్క్రీన్ మీద చుక్కలు పెట్టి కొలవరు, గోడ కదలికని అల్ట్రాసౌండ్ సిగ్నల్‌లోనే వెంబడించే ఎకో ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ వాడతారు. అది మామూలు డయాగ్నస్టిక్ సెంటర్లలో దొరకదు.

---

సగం_థీసిస్

పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను రక్తనాళాల మెకానిక్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నా (పేరు చూస్తే ఎక్కడ ఆగానో తెలుస్తుంది). మీ మొదటి ప్రశ్నకి ఫిజిక్స్ వైపు నుంచి చెప్తా అక్కా, ఎందుకంటే ఇందులో ఒక మెలిక ఉంది, డాక్టర్లు కూడా కొందరు దాన్ని గమనించరు.

అల వేగానికి పాత ఫార్ములా ఒకటుంది, 1878లో నెదర్లాండ్స్‌లో మోయెన్స్, కోర్టెవెగ్ అని ఇద్దరు ఇచ్చింది. వేగం వర్గం, గోడ బిరుసుతనాన్ని గోడ మందంతో గుణించి, నాళం వ్యాసంతోనూ రక్తం సాంద్రతతోనూ భాగిస్తే వస్తుంది. అంటే గోడ బిరుసైతే వేగం పెరుగుతుంది, నిజమే. కానీ కింద వ్యాసం కూడా ఉంది కదా. నాళం వెడల్పైతే వేగం తగ్గుతుంది. ఎన్యూరిజంలో రెండూ ఒకేసారి జరుగుతాయి. 2 సెం.మీ. ఉండాల్సిన అయోర్టా 4.4 అయిందంటే వ్యాసం 2.2 రెట్లు. అక్కడ గోడ బిరుసుతనం కూడా 2.2 రెట్లు పెరిగినా, మందం మారలేదనుకుంటే, అల వేగం మారదు. గోడ అంత బిరుసెక్కినా మెషీన్‌కి ఏమీ తెలియదు! అంతకంటే కొంచెం తక్కువ బిరుసెక్కితే వేగం ఇంకా తగ్గి "కుర్రాడి నాళం" అని చూపిస్తుంది. కాబట్టి ఎన్యూరిజం ఉన్న మనిషికి అల వేగం తక్కువ వచ్చిందంటే అది మంచి వార్తో చెడ్డ వార్తో ఆ అంకె ఒక్కటీ చూసి చెప్పలేం. మెడ దగ్గర, గజ్జ దగ్గర నాడి పట్టి కొలిచే పరీక్షకి కూడా ఇదే చిక్కు. రిసెర్చ్‌లో దాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు, సెకనుకు 10 మీటర్లు దాటితే ఎక్కువ అంటారు, మామూలు బీపీ పేషెంట్లకి అది మంచి పరీక్షే. ఎన్యూరిజం వాళ్లకి మాత్రం జాగ్రత్తగా చదవాలి.

బిరుసెక్కడం ఎందుకు అంటే, అయోర్టా మధ్య పొరలో ఎలాస్టిన్, కొల్లాజెన్ అని రెండు రకాల పోగులు ఉంటాయి. ఎలాస్టిన్ సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. కొల్లాజెన్ మామూలప్పుడు ముడతలు పడి వదులుగా ఉంటుంది, ఎక్కువ లాగితే బిగుసుకుని ఇక సాగనివ్వదు. ఎలాస్టిన్ చాలామటుకు కడుపులో ఉన్నప్పుడూ చిన్నతనంలోనూ తయారైపోతుంది. పెద్దయ్యాక పోయింది పోయినట్టే, శరీరం మళ్లీ సరిగ్గా అల్లలేదు. ఎన్యూరిజంలో ఎలాస్టిన్ ముక్కలై కరిగిపోతుంది, బరువంతా కొల్లాజెన్ మీద పడుతుంది.

ఆపరేషన్‌లో తీసేసిన గోడ ముక్కలు, పేషెంట్ ఒప్పుకుని సంతకం పెట్టినవి, మాకు ఐస్ డబ్బాలో సెలైన్‌లో వస్తాయి. చిన్న చదరపు ముక్క కోసి, నాలుగు వైపులా సన్నటి కొక్కేలు గుచ్చి, 37 డిగ్రీల సెలైన్ తొట్టిలో పెట్టి రెండు దిక్కులా మెల్లగా లాగుతాం. మొదట్లో లాగిన కొన్ని సార్ల లెక్క పారేస్తాం, కణజాలం కాస్త సర్దుకోవాలి కాబట్టి. ఆరోగ్యంగా ఉన్న అయోర్టా అయితే గ్రాఫ్ చాలా దూరం పడుకునే ఉంటుంది, చివర్లో లేస్తుంది. ఎన్యూరిజం ముక్క కొంచెం లాగగానే గ్రాఫ్ నిటారుగా పైకి పోతుంది. వేలితో పట్టుకున్నా తెలుస్తుంది, కొన్ని చోట్ల తోలులా గట్టిగా, కొన్ని చోట్ల సుద్దలా పొడిపొడిగా, అదే ముక్కలో పక్కనే అట్టముక్క పలచనలో. ఒకే మనిషి అయోర్టాలో ఇంత తేడా ఉంటే మొత్తానికి కలిపి ఒక్క అంకె ఇవ్వడం ఎంత సబబో మీరే ఆలోచించండి. మా గైడ్‌కి ఈ మాట చెప్తే నచ్చదు, అది వేరే విషయం.

---

మల్కాజ్‌గిరి_తమ్ముడు

అన్నా ఒక డౌట్. ఉబ్బింది అంటే సాగింది అనే కదా? సాగింది అంటే మెత్తగా ఉన్నట్టే కదా? మా బాపుకి కూడా ఇదే, పోయినేడాది స్టెంట్ వేసిన్రు. ఆయన ఇప్పటికీ గిదే అడుగుతడు.

---

సగం_థీసిస్

మంచి డౌట్ తమ్ముడూ. పాత బనియన్ మెడ చూడు, సాగి వేలాడుతుంటుంది. అది పెద్దదైంది కానీ ఇప్పుడు లాగితే ఇంకా సాగుతుందా, వదిలితే వెనక్కి వస్తుందా? రాదు. ఉబ్బడం అంటే ఏళ్ల తరబడి జరిగిన మార్పు. సాగే గుణం అంటే ప్రతి గుండె దెబ్బకీ ఎంత పెద్దదై మళ్లీ ఎంత వెనక్కి వస్తోంది అన్నది. రెండూ వేరు.

మీ బాపుగారికి స్టెంట్ గ్రాఫ్ట్ వేశారంటే లోపల బట్ట, లోహం కలిసిన గొట్టం ఉంది. అది అయోర్టా కంటే చాలా బిరుసు. స్టెంట్ తర్వాత అల వేగం కొలిస్తే పెరిగిందని చాలా స్టడీల్లో వచ్చింది. అంటే ఆయన ఇప్పుడు ఆ నాలుగు పట్టీల పరీక్ష చేయించుకుంటే మునుపటి కంటే చెడ్డ మార్కులు రావచ్చు, అసలు ప్రమాదం తగ్గినా సరే. ఫాలోఅప్ స్కాన్లు మాత్రం మానొద్దని చెప్పు, స్టెంట్ పక్కనుంచి రక్తం కారుతోందేమో చూడాలి.

---

రిటైర్డ్_సర్జన్

అమ్మా, నేను నగరంలోనే చాలా ఏళ్లు వాస్కులర్ సర్జరీ చేసి ఇప్పుడు మానేశాను. పైన ఇద్దరూ బాగా చెప్పారు. నేను మీ మూడో ప్రశ్నకి వస్తాను, మీకు కావలసింది అదే.

పగులుతుందో లేదో ఇవాళ మేం ప్రధానంగా చూసేది వ్యాసం, అది పెరిగే వేగం, నొప్పి లాంటి లక్షణాలు. పొట్ట అయోర్టాలో మగవాళ్లకి 5.5 సెం.మీ., ఆడవాళ్లకి 5.0 వచ్చాక ఆపరేషన్ గురించి మాట్లాడతాం. ఆరు నెలల్లో అర సెంటీమీటరు పెరిగినా ఆలోచిస్తాం. ఇది ఎవరో గాలిలో చెప్పిన గీత కాదు. 4.0 నుంచి 5.5 మధ్య ఉన్నవాళ్లకి ముందే ఆపరేషన్ చేస్తే ఎక్కువ కాలం బతుకుతారా అని బ్రిటన్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి పెద్ద ట్రయల్స్ జరిగాయి, ఫలితాలు 1998లోనూ 2002లోనూ వచ్చాయి. ముందే కోసినందువల్ల ఆయుష్షు పెరగలేదు. మీ సర్జన్ కూల్‌గా ఉన్నారంటే నిర్లక్ష్యం కాదు, ఆ ట్రయల్స్ చదివారు కాబట్టి. 4.0 నుంచి 4.9 దాకా ఏడాదికోసారి స్కాన్ అన్నది కూడా అమెరికా వాస్కులర్ సర్జన్ల మార్గదర్శకాల్లో ఉన్నదే.

మరి ఈ సాగే గుణం కొలవడం దేనికి? వ్యాసం మోటు కొలత కాబట్టి. 5 సెం.మీ. లోపే పగిలినవీ చూశాను, 7 సెం.మీ.తో ఏళ్లు తిరిగినవాళ్లనీ చూశాను. ఆ తేడా గోడలోనే ఉందని అందరికీ తెలుసు, దాన్ని బయటినుంచి పట్టుకోవాలని అందరూ ప్రయత్నిస్తున్నారు. ఈసీజీతో జత చేసిన సీటీ, ఎంఆర్‌ఐ, కంప్యూటర్‌లో గోడ మీద ఒత్తిడి లెక్కలు, చాలా ఉన్నాయి. కానీ బిరుసుతనం వేరు, బలం వేరు. బిరుసైన గోడ గట్టిది కావచ్చు, పెళుసుది కావచ్చు. 2003లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, గోడ బిరుసుగా ఉన్నవాళ్ల కంటే, కాలంతో పాటు గోడ మెత్తబడుతూ వచ్చినవాళ్లలో పగిలే ప్రమాదం ఎక్కువ కనిపించింది. చూశారా, "మెత్తగా ఉంది" అన్న మాటకి మీ నాన్నగారు సంబరపడుతున్నారు గానీ ఎన్యూరిజంలో ఆ మాట వింటే నేను మాత్రం సంబరపడను.

కాబట్టి ఇప్పుడు మీరు పనిగట్టుకుని ఎలాస్టిసిటీ ఎంఆర్‌ఐ తీయించొద్దు. తీసినా ఆ అంకెతో మీ సర్జన్ నిర్ణయం మారదు. రిసెర్చ్‌లో భాగంగా ఎవరైనా అడిగితే ఒప్పుకోండి, అది వేరు.

ఆయన్ని ఒప్పించడానికి ఆధారం కావాలన్నారు. బీపీ. గోడ మీద పడే ఒత్తిడి అంటే లోపలి బీపీని వ్యాసార్ధంతో గుణించి మందంతో భాగించడమే, లాప్లాస్ సూత్రం. ఉబ్బిన కొద్దీ వ్యాసార్ధం పెరుగుతుంది, దాన్ని మనం తగ్గించలేం. మందం పెంచలేం. ఆ లెక్కలో మన చేతిలో ఉన్నది బీపీ ఒక్కటే. 150 నుంచి 125కి దించితే గోడ మీద ఒత్తిడి ఆరో వంతు తగ్గుతుంది, అదీ ప్రతి గుండె దెబ్బకీ. మెకానిక్‌గా చేసిన మనిషి కదా, లాప్లాస్ లెక్క కాగితం మీద వేసి చూపించండి, మన డాక్టర్ల ఉపన్యాసాల కంటే అదే ఎక్కువ ఎక్కుతుంది. ఎన్యూరిజం పెరగకుండా ఆపే మాత్ర మాత్రం ఇంకా లేదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ పనిచేస్తుందని ఆశపడ్డారు, 2020లో ట్రయల్ ఫలితం వచ్చింది, పనిచేయలేదు. సిగరెట్ మానేయడం ఆయన ఇప్పటికే చేసిన గొప్ప పని. మళ్లీ ముట్టుకోకుండా చూడండి.

ఇంకొకటి, మన ఊళ్లో ఇది తప్పకుండా చెప్పాలి. విరేచనాలైనా, మూత్రంలో మంటైనా మెడికల్ షాపుకి వెళ్లి సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అడిగి తెచ్చుకోవడం అలవాటు. ఆ జాతి యాంటీబయోటిక్స్ ఎన్యూరిజం ఉన్నవాళ్లకి వేరే దారి ఉంటే ఇవ్వొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో హెచ్చరించింది. మీ నాన్నగారికి ప్రోస్టేట్ సమస్య కూడా ఉందంటున్నారు, అక్కడ ఇవే ఎక్కువగా రాస్తారు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఎన్యూరిజం ఉందని ముందే చెప్పండి.

---

కేపీహెచ్‌బీ_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. సర్, సిప్రో మాట చదివి ఫ్రిజ్ మీద డబ్బా వెతికితే సగం వాడిన స్ట్రిప్ ఒకటి దొరికింది. అమ్మది. పక్కన పెట్టేశాను.

ప్రోబ్ అన్నగారూ, మీరడిగిన ఏబీఐ చూశాను. కుడి 1.02, ఎడమ 0.84. ఎడమ దానికి చిన్న పసుపు గుర్తు ఉంది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఆ పచ్చ గీతే పెద్దగా వేశారు. ఇప్పుడు టెన్షన్ పడాలా?

---

ప్రోబ్_పట్టినోడు

నేను అనుమానపడింది ఇదేనమ్మా. ఏబీఐ అంటే చీలమండ బీపీని చేతి బీపీతో భాగించిన అంకె. 0.9 కంటే తక్కువుంటే ఆ కాలికి పోయే నాళంలో ఎక్కడో పూడిక ఉందని అనుమానించాలి. పూడిక ఉన్న కాలికి అల ఆలస్యంగా, నీరసంగా చేరుతుంది. ఆలస్యం అంటే మెషీన్ లెక్కలో వేగం తక్కువ, వేగం తక్కువ అంటే "మెత్తని నాళం". ఏబీఐ 0.9 లోపు ఉన్న కాలు వైపు ఆ స్టిఫ్‌నెస్ అంకెని నమ్మకూడదని ఈ పరీక్ష తెలిసినవాళ్లందరూ చెప్తారు. 1380 ఏ కాలిదో చూడండి, రెండు కాళ్లకీ విడివిడిగా వేసి ఉంటారు.

---

కేపీహెచ్‌బీ_అమ్మాయి

ఎడమదే! కుడిది 1710 అని ఉంది, కింద చిన్నగా. పైన పెద్ద అక్షరాల్లో మాత్రం 1380 వేశారు. కుడిది ఆరెంజ్‌లో ఉంది. అంటే కుర్రాడి నాళాలు ఎక్కడా లేవన్నమాట. నాన్న ఈ మధ్య మార్కెట్‌కి నడుస్తుంటే ఎడమ పిక్క పట్టేస్తోంది, కాసేపు నిలబడితే తగ్గుతుంది అనేవారు, వయసు అనుకున్నాం.

---

రిటైర్డ్_సర్జన్

అది వయసు కాదమ్మా. నడిస్తే పిక్క పట్టడం, ఆగితే వదలడం, 0.84, పాత సిగరెట్లు, మూడూ కలిస్తే కాలి నాళం పూడిక అనే అనుకోవాలి, డాప్లర్‌తో (రక్తం పారే తీరు చూసే స్కాన్‌తో) నిర్ధారించుకోవాలి. అత్యవసరం కాదు, కానీ ఏడాది ఆగొద్దు. అదే సర్జన్ దగ్గరికి ఈ కాగితం పట్టుకుని ఈ వారం పది రోజుల్లో వెళ్లండి. కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం పలచబడే మాత్ర అవసరమా అన్నది ఆయన చూస్తారు, మీరు సొంతంగా మొదలుపెట్టొద్దు. మోకాళ్ల వెనక కూడా స్కాన్ చేయమని అడగండి, పొట్టలో ఎన్యూరిజం ఉన్న కొందరిలో అక్కడ కూడా ఉంటుంది.

మీ పెదనాన్నగారిని కూడా వదలొద్దు. సొంత తమ్ముడికి ఎన్యూరిజం ఉందంటే ఆయనకీ ఒకసారి పొట్ట అల్ట్రాసౌండ్ చేయించాలి. ఆ ఫుల్ బాడీ ప్యాకేజీలో అదొక్కటి ఉండి ఉంటే బాగుండేది.

---

బోయిన్‌పల్లి_అక్క

కొంచెం పక్క విషయం, కానీ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మా చెల్లికి మార్ఫన్ అని జీన్ తేడా వల్ల వచ్చే జబ్బు ఉంది. తనకి ఉబ్బింది పొట్టలో కాదు, గుండె నుంచి బయటికి వచ్చే చోటే. తనకి ఎంఆర్‌ఐ తీసినప్పుడు అయోర్టా ఎంత సాగుతోందో కూడా రిపోర్టులో రాశారు. దాంతో మందు మార్చలేదు, ఆపరేషన్ డేట్ మార్చలేదు. డాక్టర్‌గారు చెప్పింది ఏంటంటే, మార్ఫన్ వాళ్లకి ఫైబ్రిల్లిన్ అనే ప్రొటీన్ తయారుచేసే జీన్‌లోనే తేడా ఉంటుంది, అందువల్ల వయసు చిన్నదైనా అయోర్టా సాగే గుణం తక్కువుంటుంది, దాన్ని ఏటేటా పోల్చుకోవడానికి రాసి పెడుతున్నాం అన్నారు. వాళ్లకి ఆపరేషన్ గీత కూడా వేరే, 5.0 దగ్గరే చేస్తారు, కుటుంబంలో ఎవరికైనా అయోర్టా చీలి ఉంటే ఇంకా ముందే. ఇంటర్నెట్‌లో 5.5 అని చదివి మేం కొన్నాళ్లు నిశ్చింతగా ఉన్నాం, అందుకే చెప్తున్నా, పొట్ట ఎన్యూరిజం లెక్కలు ఛాతీ ఎన్యూరిజంకి పెట్టుకోవద్దు.

---

సగం_థీసిస్

అక్కా మంచి పాయింట్. ఛాతీలో ఎంఆర్‌ఐ కొలత కాస్త నమ్మకంగా వస్తుంది కూడా, అక్కడ అయోర్టా ఎక్కువ కదులుతుంది, లోపల రక్తపు గడ్డ సాధారణంగా పేరుకోదు. ఒకటే చూసుకోండి, ఎంఆర్‌ఐ తీసేటప్పుడు బీపీ ఎక్కడ కొలిచారు, ఎప్పుడు కొలిచారు. చేతి పట్టీలో వచ్చే పై బీపీ, అయోర్టా లోపల ఉండే పై బీపీ ఒకటి కావు, వయసులో ఉన్నవాళ్లకి చేతిలోనే ఎక్కువ చూపిస్తుంది. స్కాన్‌కి ముందు వెయిటింగ్ హాల్లో టెన్షన్‌తో ఉన్నప్పుడు కొలిచిన బీపీ వేసి లెక్కకట్టారంటే అయోర్టా ఉన్నదానికంటే బిరుసుగా కనిపిస్తుంది. ఏటేటా పోల్చాలంటే ప్రతిసారీ అదే పద్ధతిలో, వీలైతే అదే మెషీన్ మీద తీయించండి.

---

కేపీహెచ్‌బీ_అమ్మాయి

అప్‌డేట్. సర్జన్ అపాయింట్‌మెంట్ దొరికింది. సర్ చెప్పినట్టు లాప్లాస్ లెక్క కాగితం మీద వేసి నాన్న ముందు పెట్టాను. చాలాసేపు చూసి, మందం ఎంత వేశావు అని అడిగారు. ఒకటిన్నర మిల్లీమీటరు అన్నాను. ఏమీ మాట్లాడలేదు, రాత్రి మాత్ర అడిగి వేసుకున్నారు. రిపోర్టు ఇంకా టీవీ పక్కనే ఉంది అనుకోండి.

సర్, చివరిగా ఒకటి. వరంగల్ పెళ్లికి పంపొచ్చా?

---

రిటైర్డ్_సర్జన్

పంపండి. 4.4తో ప్రయాణానికి ఏ అడ్డూ లేదు. బస్సులోనో రైల్లోనో వెళ్లమనండి, ఆయన వయసుకి వరంగల్ దాకా స్కూటర్ ఎన్యూరిజం లేకపోయినా వద్దనే అంటాను. మాత్రలు సంచిలో సర్దండి. పెళ్లిలో గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు ఎత్తనివ్వకండి, ఊపిరి బిగబట్టి బరువు లేపితే ఆ క్షణంలో బీపీ ఎక్కడికో పోతుంది. ఎప్పుడైనా పొట్టలోనో నడుములోనో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చి, చెమటలు పట్టి, కళ్లు తిరిగితే గ్యాస్ అనుకుని ఈనో తాగించకుండా 108కి ఫోన్ చేసి, ఎన్యూరిజం ఉందని మొదటి మాటగా చెప్పమని పెళ్లివాళ్లలో ఎవరికైనా చెప్పి ఉంచండి.